‘ఏ గాస్కెట్?’: ఒక రిపోర్టు, రెండు చిన్న మాటలు

22 ఏళ్లు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు, ముఖ్యంగా ఫ్యాక్టరీల్లో, ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు ఇంగ్లీషులో రాయడం నేర్పుతున్నాను. వచ్చిన ప్రతి కేసూ రాసిపెట్టుకునే అలవాటు నాకు లేదు. ఇది రాయడానికి కారణం, ఇందులో నేను చాలాసార్లు తప్పటడుగు వేశాను. చాలావరకు నన్ను సరిచేసింది నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన మనిషే. ఆమె సరేనన్నాకే రాస్తున్నాను. కంపెనీ, ఊరు, అక్కడ తయారయ్యే సరుకు, గుర్తుపట్టే వీలున్న మిగతా వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. భాషకు సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

నేపథ్యం

వయసు ముప్ఫై దాటింది. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. ఇంటర్ నుంచి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ దాకా పేరుకి ఇంగ్లీషు మీడియం. మందుల ముడిసరుకు తయారుచేసే ప్లాంటులో క్వాలిటీ అష్యూరెన్స్ ఉద్యోగం. రోజూ చేసే పనిలో సగం డీవియేషన్ రిపోర్టులు రాయడమే. అంటే, ముందుగా రాసిపెట్టుకున్న పద్ధతికి భిన్నంగా ప్లాంటులో ఏదైనా జరిగితే, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఆ బ్యాచ్‌కి ఏమైనా నష్టమా, మళ్లీ జరక్కుండా ఏం చేస్తాం, ఇవన్నీ కాగితం మీద పెట్టాలి. ఆ కాగితాన్ని ఏడాది తర్వాతో రెండేళ్ల తర్వాతో ఓ విదేశీ ఆడిటర్ తీసి చదువుతాడు. ఆ రోజు అతను ప్లాంటులో లేడు. అతనికి తెలిసేదల్లా ఆ కాగితంలో ఉన్నదే.

ఆమె రాసిన రిపోర్టులు పై అధికారి దగ్గర్నుంచి ఎర్ర సిరాతో తిరిగొచ్చేవి. పక్కన ‘గ్రామర్ వీక్’ అని ఒక్క ముక్క. ఏ గ్రామర్, ఎక్కడ వీక్ అని ఆయనా చెప్పలేదు, ఈమే అడగలేదు. ప్రమోషన్ ఇంటర్వ్యూ ముందు టెన్షన్ పట్టుకుని నాకు ఫోన్ చేసింది. మొదటి మాటే, “నాకు ఇంగ్లీషు రాదు మేడమ్” అంది. ఆ మాట వెనక పదిహేనేళ్ల బరువు ఉంది. ఆ పదిహేనేళ్లూ ఇంగ్లీషులోనే పరీక్షలు రాసి పాసైంది, ఇంగ్లీషులోనే జీతం తెచ్చుకుంటోంది.

రిపోర్టుల్లో కనిపించింది

పేర్లు కొట్టేసి పాత రిపోర్టులు మూడు పంపమన్నాను. స్పెల్లింగులు శుభ్రంగా ఉన్నాయి. కాలాలు దాదాపు సరిగ్గానే ఉన్నాయి. ఒక రిపోర్టులోని మూడు వాక్యాలు ఇక్కడ పెడతాను, ఎందుకంటే కేసంతా వాటి చుట్టూనే తిరిగింది.

‘బ్లాక్ పార్టికల్స్ వర్ అబ్జర్వ్‌డ్ ఇన్ రియాక్టర్. గాస్కెట్ వాజ్ ఫౌండ్ డ్యామేజ్‌డ్. గాస్కెట్ వాజ్ రీప్లేస్డ్ అండ్ ఆపరేషన్ వాజ్ రీకమెన్స్‌డ్.’

రియాక్టర్ అంటే రసాయనాలు కలిపి సరుకు తయారుచేసే పెద్ద పాత్ర. గాస్కెట్ అంటే రెండు లోహపు అంచులు కలిసే చోట లీకు కాకుండా మధ్యలో పెట్టే రింగు. అది అరిగితే దాని ముక్కలు సరుకులో పడతాయి. నల్ల రేణువులు అలా వచ్చినవే.

మూడు రిపోర్టుల్లోనూ నాకు రెండు లక్షణాలు కనిపించాయి. ఒకటి, ‘ఎ’, ‘యాన్’, ‘ది’ అనే ఆర్టికల్స్ దాదాపు లేవు. ఉన్నచోట కూడా చిల్లర విసిరినట్టు ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి. రెండు, మాటలన్నీ బరువైనవి. పని మొదలవలేదు, ‘కమెన్స్’ అయింది. ఆగలేదు, ‘టెర్మినేట్’ అయింది. ఎవరూ ఏదీ వాడలేదు, ‘యుటిలైజ్’ చేశారు.

మొదట ఆర్టికల్స్ పట్టుకుందాం అనుకున్నాను. బరువు మాటలు చదివేవాడికి విసుగు తెప్పిస్తాయి, అంతే. ఆర్టికల్ లేకపోతే సంగతే తేలదు. పై మూడు వాక్యాల్లో పాడైన గాస్కెట్, మార్చిన గాస్కెట్ ఒకటేనా కాదా అన్నది కాగితం చెప్పడం లేదు. ఈ లెక్క వరకూ నాది సరైనదే. మందు దగ్గరే తేడా కొట్టింది.

మొదటి వైద్యం: ఖాళీలు పూరించుము

కాలేజీ అలవాటు పోదు కదా. లెక్కపెట్టగలిగే నామవాచకం, లెక్కపెట్టలేనిది, నదుల పేర్ల ముందు ‘ది’, సూపర్‌లేటివ్ ముందు ‘ది’ అని మొత్తం చిట్టా ఇచ్చాను. దానితో పాటు 200 ఖాళీలు పూరించే వాక్యాలు. మూడు వారాల్లో అన్నీ చేసింది. నూటికి ఎనభై పైనే సరైనవి. నేను సంబరపడ్డాను.

నాలుగో వారం కొత్త రిపోర్టు పంపింది. మళ్లీ అదే కథ. ‘వాల్వ్ వాజ్ ఓపెన్‌డ్ బై ఆపరేటర్.’

ఎందుకిలా అయిందో తెలుసుకోవడానికి నాకు ఓ రాత్రి పట్టింది. ఖాళీ పూరించే ప్రశ్నలో ఆ ఖాళీయే సగం జవాబు. ‘ఇక్కడ ఏదో పెట్టాలి, చూసుకో’ అని గీత గీసి మరీ చెబుతుంది. సొంతంగా రాసేటప్పుడు కాగితం మీద ఏ గీతా ఉండదు. ఆమెకు ఏది పెట్టాలో తెలుసు. పెట్టాలా వద్దా అని ఆలోచించాల్సిన చోటు ఇదీ అన్నదే కంటికి ఆనడం లేదు. నేను పరీక్షించింది ఒకటి, ఆమెకు లేనిది ఇంకొకటి.

ఇంకో సంగతి అడిగితే తెలిసింది. రోజంతా ఆమె చదివే ఇంగ్లీషు ఏది? బ్యాచ్ రికార్డులో ‘ఓపెన్ వాల్వ్’, ‘చార్జ్ సాల్వెంట్’. లాగ్‌బుక్కులో ‘పంప్ చెక్‌డ్, ఓకే’. డబ్బాల మీద లేబుళ్లు. ఇవన్నీ టెలిగ్రాం బాపతు ఇంగ్లీషు, వీటిలో ఆర్టికల్స్ ఉండవు. ఇక ఇంగ్లీషు బాగుపడాలంటే పేపరు చదవమని ఎవరో చెప్పారట. ఆమెకు దొరికే పది నిమిషాల్లో చదివేది హెడ్డింగులే. పత్రికల హెడ్డింగుల్లో ఆర్టికల్స్‌ని కావాలనే ఎగరగొడతారు! రోజుకి ఎనిమిది గంటలు ఉప్పులేని కూర తింటున్న మనిషిని పట్టుకుని ఉప్పెందుకు వేయలేదని అడుగుతున్నామన్నమాట.

రెండో వైద్యం: సాఫ్ట్‌వేర్

ఇంటర్వ్యూ దగ్గర పడుతోంది. అప్పటికి గట్టెక్కితే చాలని, వ్యాకరణం సరిచేసే సాఫ్ట్‌వేర్ వాడదాం అన్నాను. కంపెనీ కాగితాలు బయటి సైట్లలో పెట్టకూడదు కాబట్టి, పేర్లూ నంబర్లూ తీసేసిన పాత గాస్కెట్ రిపోర్టు మీదే ప్రయోగం చేశాం. అది చకచకా ‘ది’లు దిగ్గొట్టింది. ‘ది గాస్కెట్ వాజ్ ఫౌండ్ డ్యామేజ్‌డ్. ది గాస్కెట్ వాజ్ రీప్లేస్డ్.’ చదవడానికి నున్నగా ఉంది. నేను కూడా బాగుందన్నాను. ఇది నా తప్పే, ఒప్పుకోవాలి. ఆమె ఆ వాక్యాలను ఆఫీసులో అసలు రిపోర్టులోకి తిరగరాసింది.

పై అధికారి ఈసారి గ్రామర్ అనలేదు. మార్జిన్‌లో ఒకే ప్రశ్న రాశారు: ‘ఈ రియాక్టర్‌కి ఒకటే గాస్కెట్ ఉందా?’

లేదు. నాలుగున్నాయి. మ్యాన్‌హోల్ దగ్గర, అంటే పాత్రలోకి మనిషి దిగడానికి ఉంచిన రంధ్రం దగ్గర ఒకటి, పైపులు కలిసే చోట్ల మూడు. ‘ది గాస్కెట్’ అనగానే చదివేవాడికి ‘ఉన్నది అదొక్కటే, నీకు తెలిసిందే’ అని చెప్పినట్టు. సాఫ్ట్‌వేర్ వాక్యాన్ని చూసింది, రియాక్టర్‌ని చూడలేదు. చూసే వీలు దానికి లేదు. రియాక్టర్‌ని చూసింది ఈమె ఒక్కతే. తప్పు కనిపించే వాక్యం పోయి, తప్పు కనిపించని అబద్ధం వచ్చి కూర్చుంది. ఆర్టికల్ లేని పాత వాక్యమే నయం, కనీసం అది తేలలేదని పైకి తెలుస్తుంది.

ఆ ఆదివారం ఆమె వీడియో కాల్‌లో దాదాపు ఏడుపు గొంతుతో ఉంది. పాఠం చెప్పే ఓపిక నాకూ లేదు. “సరేనమ్మా, ఇంగ్లీషు పక్కన పెట్టండి. ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలుగులో చెప్పండి” అన్నాను.

ఓ రాజు, ఆ రాజు

ఆమె చెప్పింది నేను రాసుకున్నాను. “శాంపిల్ తీస్తుంటే నల్లగా ఏవో రేణువులు కనపడ్డాయి మేడమ్. మూత తీసి చూస్తే ఓ గాస్కెట్ చినిగిపోయింది. ఆ గాస్కెట్ తీసేసి కొత్తది వేశాం. మిగతా మూడూ బాగానే ఉన్నాయి.”

ఆ మాటలు ఆమెకే చదివి వినిపించాను. “ఓ గాస్కెట్ చినిగింది, ఆ గాస్కెట్ తీసేశాం. మీకు ఆర్టికల్స్ రావని ఎవరన్నారు?”

అనగనగా ఒక రాజు, ఆ రాజుకి ఏడుగురు కొడుకులు. ఈ కథ వినకుండా పెరిగిన తెలుగు పిల్ల ఉండదు. మొదటి మాటలో ‘ఒక’, రెండో మాటలో ‘ఆ’. రెండోసారి కూడా ‘ఒక రాజుకి ఏడుగురు కొడుకులు’ అంటే, పసిపిల్ల కూడా ‘ఈ రాజు వేరే రాజా?’ అని అడుగుతుంది. తెలుగులో ఆర్టికల్స్ అనే ప్రత్యేకమైన వ్యాకరణ భాగం లేదు, నిజమే. కానీ ఏది కొత్త, ఏది తెలిసినది అనే ఎరుక ఉంది. ఆ ఎరుకను ఇంగ్లీషులోకి తీసుకురావడమే ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఇక్కడే మాటల పుట్టుక పనికొచ్చింది. పాత ఇంగ్లీషులో ‘ఆన్’ అనే మాటకు అర్థం ‘ఒకటి’. నేటి ‘వన్’, నేటి ‘యాన్’ రెండూ దాని పిల్లలే. గట్టిగా పలికినది అంకె అయింది, తేలిగ్గా పలికి పలికి అరిగినది ఆర్టికల్ అయింది. అది ఇంకా అరిగి ‘ఎ’ మిగిలింది. మరి మన ‘ఒక’? ‘ఒక రోజు’ అరిగి ‘ఓ రోజు’ కాలేదూ! ‘ది’ సంగతి కూడా అంతే. అది ‘దట్’ అనే మాటకు తోబుట్టువు. అంటే మన ‘ఆ’. ఫ్రెంచి, ఇటాలియన్ వాళ్లకు కూడా ఆర్టికల్స్ ఇలాగే వచ్చాయి. వాటి తల్లి లాటిన్‌లో ఆర్టికల్స్ లేవు. ‘ఒకటి’ అనే మాటనీ, ‘ఆ’ అనే మాటనీ వాడి వాడి వాళ్లు ఆర్టికల్స్ తయారుచేసుకున్నారు.

ఇది విని ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అంటే ‘ది’ అని రాసేముందు ‘ఆ’ అనుకుని చూడొచ్చా మేడమ్?” అంది. సరిగ్గా నేను చెప్పబోయింది అదే.

అదే ఊపులో ఇంకో ముడి కూడా విడింది. ఆమె ‘ఎ ఎస్‌ఓపీ’ అనీ, ‘యాన్ యూనిట్’ అనీ రాసేది. ఎస్‌ఓపీ అంటే పని ఎలా చేయాలో ముందుగా రాసిపెట్టుకున్న పద్ధతి. అచ్చు అక్షరం ముందు ‘యాన్’ అని బళ్లో చెప్పారు, ఎస్ అచ్చు కాదు కదా, యు అచ్చే కదా అని ఆమె వాదన. బళ్లో తలకిందులుగా చెబుతారు. అసలు మాట ‘యాన్’. తర్వాత హల్లు శబ్దం వస్తే నోటికి అడ్డం అని చివరి ‘న్’ రాలిపోయింది, అంతే. ఇది మన సంధుల్లాంటి వ్యవహారం, నోటి సౌకర్యం. ఎస్ అనే అక్షరం ‘ఎ’ శబ్దంతో మొదలవుతుంది కాబట్టి ‘యాన్ ఎస్‌ఓపీ’. యూనిట్ ‘య’ శబ్దంతో మొదలవుతుంది కాబట్టి ‘ఎ యూనిట్’. కంటితో కాదు, చెవితో చూసుకోవాలి.

ఈ రాలిపోయే ‘న్’ ఇంగ్లీషువాళ్లనే తికమక పెట్టింది. క్రికెట్ అంపైర్ ఒకప్పుడు ‘నంపైర్’ లాంటి మాట. ఇద్దరిలో ఎవరికీ జత కానివాడు అనే అర్థంతో ఫ్రెంచి నుంచి వచ్చింది. ‘ఎ నంపైర్’ అనేది చెవికి ‘యాన్ అంపైర్’లా వినపడి, ‘న్’ పక్కింటికి వెళ్లిపోయింది. ‘నిక్‌నేమ్’లో దీనికి ఎదురు జరిగింది. అది ‘యాన్ ఈక్ నేమ్’, అంటే అదనపు పేరు. అక్కడ ‘యాన్’లోని ‘న్’ వచ్చి పేరుకు అతుక్కుంది. ఆరెంజ్ కూడా మొదట్లో ‘న’తో మొదలైన మాటే. సంస్కృతంలో నారంగం, పర్షియన్, అరబిక్ మీదుగా యూరప్ చేరాక అక్కడి కొన్ని భాషల్లో ఆ ‘న’ ఆర్టికల్‌లో కలిసిపోయింది. మన నారింజలో మాత్రం ‘న’ ఇంకా భద్రంగా ఉంది. ఇదంతా రిపోర్టు రాతకు అవసరమా అంటే లేదు. కానీ ‘యాన్ యూనిట్’ అని ఆ తర్వాత ఆమె ఒక్కసారి కూడా రాయలేదు.

పెళ్లికొడుకు చిక్కు

రెండు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. మూడో వారం రిపోర్టులో ఇలా ఉంది: ‘ది రియాక్టర్ వాజ్ కూల్డ్. ఎ లిడ్ వాజ్ ఓపెన్‌డ్.’

ఒక రియాక్టర్‌కి ఎన్ని మూతలు? ఒకటే. మరి ‘ఎ లిడ్’ ఎందుకు రాశారంటే, “మూత గురించి మొదటిసారి చెబుతున్నా కదా మేడమ్, మొదటిసారి ‘ఒక’ అన్నారు మీరు” అంది. తప్పు ఆమెది కాదు. రాజు కథ చెప్పిన ఉత్సాహంలో ‘మొదటిసారి ఎ, రెండోసారి ది’ అని నేనే సూత్రం చేసిపారేశాను. ఇది నా ఇంకో తప్పటడుగు.

మళ్లీ తెలుగులోకే వెళ్లాం. నిన్న ఒక పెళ్లికి వెళ్లాం, పెళ్లికొడుకు ఆలస్యంగా వచ్చాడు. పెళ్లికొడుకు గురించి ఇదే మొదటిసారి చెప్పడం. అయినా ‘ఒక పెళ్లికొడుకు’ అంటామా? అంటే వినేవాళ్లు నవ్వుతారు, ‘ఎంతమంది ఉన్నారేమిటి?’ అని. పెళ్లి అన్నాక పెళ్లికొడుకు ఉంటాడు, ఒక్కడే ఉంటాడు. రియాక్టర్ అన్నాక మూత ఉంటుంది. ఇంగ్లీషు అక్కడ ‘ది’ అంటుంది. తెలుగు అక్కడ ‘ఆ’ అనదు, ఊరుకుంటుంది. కాబట్టి ‘ఆ’ని ‘ది’గా మార్చడం అన్ని చోట్లా కుదరదు.

తెలుగు ఇంకో చోట కూడా గుట్టుగా ఈ పని చేస్తుంది. ‘పుస్తకం చదివాను’ అంటే ఏదో ఒక పుస్తకం కావచ్చు. ‘పుస్తకాన్ని చదివాను’ అంటే చాలాసార్లు ఫలానా పుస్తకం అని వినిపిస్తుంది. ఆమె నోట్సులో ‘వాల్వ్‌ని’, ‘ఫిల్టర్‌ని’ అని ఉన్నచోట్ల గీతలు గీయించాను. చాలావాటికి ‘ది’ సరిపోయింది. అన్నింటికీ కాదు. దీన్ని ఆనవాలుగా వాడుకోండి, సూత్రంగా వద్దు అని ఈసారి జాగ్రత్తగా చెప్పాను.

చివరికి పనిచేసింది ఓ ప్రశ్న. పై అధికారి మార్జిన్‌లో రాసిన దాంట్లోంచే తీసుకున్నాం. ప్రతి వస్తువు పేరు దగ్గరా ఆగి, ఆడిటర్ పక్కన కూర్చుని “ఏది?” అని అడుగుతున్నట్టు ఊహించుకోవాలి. ముందే చెప్పేశాం కాబట్టో, ఉన్నది ఒక్కటే కాబట్టో అతను అడగడనుకుంటే ‘ది’. ‘ఏదో ఒకటిలే, ఇప్పుడే పరిచయం చేస్తున్నా’ అనేట్టయితే ‘ఎ’. నీళ్లు, దుమ్ము, నల్ల రేణువుల్లా ‘ఏది’ అని అడగడానికే అర్థం లేకపోతే ఏమీ వద్దు. ‘బ్లాక్ పార్టికల్స్’ ముందు ఆమె ఏమీ పెట్టకపోవడం మొదటినుంచీ సరైనదే. ఆ సంగతి చెబితే ఆశ్చర్యపోయింది.

ఇంకో రకం కూడా ఉంది. అసలు విలువ దానిదే. ఆడిటర్ “ఏది?” అంటాడు, మన దగ్గర జవాబు లేదు. అప్పుడు కలం పక్కన పెట్టి ప్లాంటులోకి వెళ్లాలి. ఒకసారి ‘ఆపరేటర్’ దగ్గర ఆగింది. ఆ షిఫ్టులో ఇద్దరున్నారు. లాగ్‌బుక్కు తీస్తే, వాల్వు తెరిచింది ఒకరు, సంతకం పెట్టింది ఇంకొకరు. రిపోర్టు మళ్లీ మొదటినుంచి రాయాల్సి వచ్చింది. ఆమె విసుక్కుంది కానీ, ఆమె పై అధికారి మొదటిసారి ఫోన్ చేసి మాట్లాడింది ఆ రిపోర్టు గురించే.

గాస్కెట్ వాక్యం ఆఖరికి ఇలా తయారైంది: ‘వన్ ఆఫ్ ది ఫోర్ గాస్కెట్స్, ది వన్ ఎట్ ది మ్యాన్‌హోల్, వాజ్ టార్న్. ది టార్న్ గాస్కెట్ వాజ్ రీప్లేస్డ్. ది అదర్ త్రీ వర్ ఇన్‌టాక్ట్.’ ఆమె ఆ ఆదివారం తెలుగులో చెప్పిన వాక్యాలతో పోల్చి చూడండి. కొత్తగా చేరింది ‘మ్యాన్‌హోల్ దగ్గర’ అన్న ముక్కే.

బరువు మాటలు

‘కమెన్స్’ లాంటి మాటల సంగతి త్వరగా తేలిపోతుందనుకున్నాను. 1066లో నార్మండీ నుంచి వచ్చిన విలియం ఇంగ్లండును గెలిచాడు. తర్వాత చాలా తరాలు కోర్టుల్లో, కోటల్లో ఫ్రెంచి నడిచింది. పుస్తకాల్లో, చర్చిలో లాటిన్. పొలంలో, వంటింట్లో ఇంగ్లీషు. అందుకే ఒక్క పనికి ఇంగ్లీషులో రెండు మూడు అంతస్తుల మాటలు దొరుకుతాయి. కిందింట్లో ‘ఆస్క్’, మధ్యలో ఫ్రెంచి ‘క్వశ్చన్’, పై అంతస్తులో లాటిన్ ‘ఇంటరాగేట్’. దొడ్లో ఉన్నంతసేపు ‘కౌ’, దొరగారి పళ్లెంలోకి వచ్చేసరికి ఫ్రెంచి ‘బీఫ్’.

ఇది తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. మనకీ నీళ్లు, జలం ఉన్నాయి. ఇల్లు, గృహం ఉన్నాయి. తినడం, భుజించడం ఉన్నాయి. ఓ విదేశీయుడు తెలుగును ప్రబంధాల్లోంచి నేర్చుకుని, బస్టాండులో ‘జలము సేవించెదరా?’ అంటే ఎలా ఉంటుంది? మనం ఇంగ్లీషును వంటింట్లోంచి కాక పాఠ్యపుస్తకాల్లోంచి, సర్కారు ఉత్తరాల్లోంచి నేర్చుకున్నాం. అందుకే మనకు పై అంతస్తు మాటలే ముందు నోటికి వస్తాయి. ఆమె పొరపాటు గొప్పలకు పోయి చేసింది కాదు. కింది మెట్లు ఆమెకు ఎవరూ చూపించలేదు.

అంతవరకూ బాగానే ఉంది. దాని మీద నేనిచ్చిన సలహా మాత్రం మొరటుది. లాటిన్ వాసన వచ్చే ప్రతి మాటా తీసేసి, నాటు మాట పెట్టమన్నాను. ఆమె శ్రద్ధగా పెట్టేసింది. ‘కమెన్స్‌డ్’ పోయి ‘స్టార్టెడ్’, ‘టెర్మినేటెడ్’ పోయి ‘స్టాప్‌డ్’. వాటితో పాటు ‘వెరిఫైడ్’ పోయి ‘చెక్‌డ్’ వచ్చింది. రిపోర్టు వెనక్కి వచ్చింది. వాళ్ల కంపెనీ పద్ధతి ప్రకారం ‘వెరిఫైడ్’ అంటే రెండో మనిషి దగ్గరుండి చూసి సంతకం పెట్టడం. ‘చెక్‌డ్’ అంటే పని చేసినవాడే ఓసారి చూసుకోవడం. నా నాటు మాట ఆ రెండో మనిషిని మాయం చేసింది.

సిగ్గుపడి ఆ రెండు మాటల పుట్టుక వెతికాను. ‘వెరిఫై’ లాటిన్ మాట, ‘నిజం’ అనే మాటలోంచి వచ్చింది. నిజమని తేల్చడం. మరి నేను నాటుది అనుకున్న ‘చెక్’? చదరంగంలో రాజుకు పెట్టే చెక్కు! పర్షియన్ ‘షా’, అంటే రాజు, అరబ్బుల మీదుగా ఫ్రాన్స్ వెళ్లి అక్కణ్నుంచి ఇంగ్లండు చేరింది. ‘యుటిలైజ్’ బదులు నేను పెట్టించిన ‘యూజ్’ కూడా ఫ్రెంచి మాటే. పుట్టిల్లు చూసి మాటను ఉంచడమో తీసేయడమో చేస్తే ఇంగ్లీషులో సగం మిగలదు. ‘స్టార్ట్’ బాగుండటానికి కారణం దాని కులం కాదు, రోజూ అందరి నోట్లో నలగడం.

తర్వాత పద్ధతి మార్చుకున్నాం. ఆ మాట తీసేస్తే ఏదైనా సమాచారం పోతుందా అని చూసేవాళ్లం. ‘కమెన్స్’ తీసి ‘స్టార్ట్’ పెడితే ఏదీ పోదు, తీసేయొచ్చు. ‘రెసిడ్యూ’, ‘కంటామినేషన్’, ‘వెరిఫై’ తీస్తే పోతుంది, ఉంచాలి. ‘డీవియేషన్’ అంటే లాటిన్‌లో దారి తప్పడమని చెబితే, “ఇన్నాళ్లూ ఫారం పేరనుకున్నాను మేడమ్” అంది. ఆ రోజు నుంచి ఆమె రిపోర్టుల్లో మొదటి పేరా మారింది. ముందు దారి ఏదో చెప్పి, తర్వాత ఎక్కడ తప్పారో చెప్పడం మొదలుపెట్టింది. నేను నేర్పింది కాదు అది.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు ఎవరొచ్చినా మొదటి క్లాసులో ఖాళీలు ఇవ్వను. రాసిన కాగితం తీసుకుని, అదే సంగతి తెలుగులో చెప్పించి రికార్డు చేస్తాను. రెండూ పక్కపక్కన పెడితే, ఆ మనిషికి రానిది ఇంగ్లీషా, లేక చెప్పాల్సిన సంగతే ఇంకా తేలలేదా అన్నది బయటపడుతుంది. ఈమెకు చాలా చోట్ల రెండూ కలిసి ఉన్నాయి, నేను మాత్రం మొదటిదే చూశాను. రోజూ ఏ ఇంగ్లీషు చదువుతున్నారు అని కూడా అడుగుతాను. హెడ్డింగులు కాకుండా రోజుకో వార్త, ఒక్కటే అయినా, చివరిదాకా చదవమంటాను.

సాఫ్ట్‌వేర్‌ని వద్దనను. స్పెల్లింగుకి, కర్త క్రియ పొంతనకి పర్వాలేదు. అది ఆర్టికల్ పెట్టిన ప్రతిచోటా మళ్లీ ‘ఏది?’ అనుకోమంటాను.

కుదరనివీ మిగిలాయి. ‘ఇన్ హాస్పిటల్’, ‘ఇన్ ది హాస్పిటల్’ తేడా చెప్పడానికి రెండు ఆదివారాలు తంటాలు పడ్డాను, ఆమెకు పట్టుబడలేదు. ఇంగ్లండులో రోగిగా చేరినవాణ్ని ‘ఇన్ హాస్పిటల్’ అంటారు, అమెరికాలో ‘ఇన్ ది హాస్పిటల్’ అంటారు. రెండు దేశాలవాళ్లకే పొత్తు కుదరని చోట ఆమెను వేధించడం దండగని వదిలేశాను. ‘ఇట్ వాజ్ అబ్జర్వ్‌డ్ దట్’ అనే తోకను కూడా ఆమె వదల్లేదు, ఆ ఆఫీసు వదలనివ్వదు.

మొత్తం 14 ఆదివారాలు పట్టింది. ఇంటర్వ్యూ అయింది, ప్రమోషన్ ఆ ఏడాది రాలేదు, మరుసటి ఏడాది వచ్చింది. అందులో ఇంగ్లీషు వాటా ఎంతో నేను చెప్పలేను.

కిందటి నెల ఓ ఫొటో పంపింది. రెండు పేజీల రిపోర్టు మీద ఒకే ఒక్క ఎర్ర గీత. ‘యాన్ హెచ్‌పీఎల్‌సీ మెథడ్’ (ల్యాబులో సరుకును పరీక్షించే ఓ పద్ధతి) అని ఈమె రాస్తే, పై అధికారి ‘యాన్’ కొట్టేసి ‘ఎ’ చేశారు. వెంటనే ఫోన్. “మేడమ్, చెవితో చూసుకోమన్నారు కదా, తప్పైందా?”

“మీ సార్ ఆ మొదటి అక్షరాన్ని ఎలా పలుకుతారు?” అన్నాను.

“హెచ్ అని. మనందరం అలాగే అంటాం కదా.”

“మరి ఆయన చెవి ప్రకారం ఆయనది రైటే. ‘ఎయిచ్’ అని పలికేవాళ్లకు ‘యాన్’ రైటు.”

అవతల కాసేపు చప్పుడు లేదు. కాగితం తిప్పుతున్నట్టు వినపడింది.

“చదివేది ఆడిటర్ కదా మేడమ్,” అంది. “ఆయన ఎలా పలుకుతాడో?”